మడ బురద నులిపురుగుతో పరీక్షించిన ట్రైనాక్యులర్ మైక్రోస్కోప్: 3 స్టార్లు

ఈ ట్రైనాక్యులర్ (కళ్లకి రెండు గొట్టాలు, కెమెరాకి మూడోది) మోడల్ కింద ఉన్న రివ్యూలన్నీ ఉల్లిపొర, చెంప కణాలు చూసి రాసినవే. వాటికి ఏ మైక్రోస్కోపైనా చాలు. నేను తీసుకున్నది కోరింగ మడ బురదలోని నులిపురుగుల కోసం. అందుకే ఆ లెక్కలోనే చెబుతాను.

పరీక్షకు పెట్టింది టెర్షెల్లింజియా లాంగికాడేటా. 1907లో డచ్ శాస్త్రవేత్త డి మాన్ వర్ణించిన జాతి. ఎవరి ఒంట్లోనూ చేరకుండా మెత్తటి బురదలో స్వేచ్ఛగా బతుకుతుంది. వెంట్రుక కంటే సన్నం.

10ఎక్స్‌లోనే తోక పట్టిచ్చేసింది, దారప్పోగులా సాగిపోతుంది. ఇచ్చిన డబ్బుకి న్యాయం చేసింది మాత్రం 40ఎక్స్ లెన్సు. తల పక్కన పెద్ద గుండ్రటి యాంఫిడ్, అంటే నీళ్లలోని రసాయనాలను పసిగట్టే అవయవం, అంచుతో సహా తేటగా కనిపించింది. అది గుండ్రంగా ఉంది కదా అని సంబరపడకూడదు, డాప్టోనీమా అనే మరో నులిపురుగుకీ అలాగే ఉంటుంది. రెండూ మాన్‌హిస్టెరిడా క్రమంలోవే. (పాత సిలబస్‌లో అడెనోఫోరియా అని చదివినవాళ్లకి: ఇప్పుడు వీటి తరగతి క్రోమడోరియా.) తేడా తెలియాలంటే ఫారింక్స్ (నోటి వెనకాల ఆహారం దిగే గొట్టం) చివరిదాకా దిగి చూడాలి. మన పురుగుకి అక్కడ గుండ్రటి ఉబ్బు ఉంటుంది, నోటి కుహరం దాదాపు లేనట్టే. డాప్టోనీమాకి శంకువు ఆకారపు నోరు, ఉబ్బు ఉండదు. ఆడపురుగైతే మన పురుగుకి రెండు అండాశయాలు, డాప్టోనీమాకి ఒకటే. ఇవన్నీ 40ఎక్స్‌లో తేలిపోయాయి. లిన్‌హోమోయిడే కుటుంబం, ఆపైన ప్రజాతి (జీనస్) వరకూ ఢోకా లేదు.

చిక్కంతా 100ఎక్స్‌తోనే. నూనె చుక్క వేసి తల దగ్గరికి వెళ్తే నాలుగు సీటాలు (వెంట్రుకల్లాంటి సన్నటి ముళ్లు) మసకలో కలిసిపోయాయి. ఐరిస్ (వెలుతురు తగ్గించే రంధ్రం) బాగా మూస్తే క్యూటికిల్ (ఒంటి పైపొర) మీది సన్నటి అడ్డగీతలు తేలాయి గానీ, వెంటనే అంచులకు ఊదారంగు పట్టింది. మగపురుగు వంపు స్పిక్యూల్స్ (జతకట్టేటప్పుడు వాడే ముళ్లు), వాటికి ఆనుకున్న గుబర్నాక్యులం (వాటికి దారి చూపే గట్టి పలక) నుంచి వెనక్కి పొడుచుకొచ్చే కొమ్ము బొమ్మ గీసుకునేంత స్పష్టంగా లేవు. జాతి తేల్చేటప్పుడు పనికొచ్చేవే అవి! పైగా గ్లిజరిన్ స్లైడ్ కాస్త మందంగా ఉంటే లెన్సు కవర్‌స్లిప్‌కి తగులుతోంది.

అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే, "డెమో స్లైడ్‌లో బాగానే వస్తోంది కదా మేడమ్" అన్నారు. డెమో స్లైడ్ అంటే దోమ కాలు.

కెమెరా ఫొటోలకి పర్లేదు, కొలతలకి కాదు. పురుగుల్ని పోల్చడానికి వాడే డి మాన్ నిష్పత్తులు కావాలంటే ఒంటి పొడవును వెడల్పుతో, ఫారింక్స్ పొడవుతో, తోక పొడవుతో విడివిడిగా భాగించాలి. చుట్టుకుపోయిన పురుగుని నడిమి గీత వెంట కొలవాలి. వీళ్ల సాఫ్ట్‌వేర్‌లో తిన్నటి గీత తప్ప రాదు. ఐపీస్ మైక్రోమీటర్ (కంటి లెన్సులో పెట్టే కొలత గీతల అద్దం) కూడా విడిగా కొనుక్కోవాల్సి వచ్చింది.

డిగ్రీ కాలేజీ ల్యాబ్‌కైతే నిశ్చింతగా తీసుకోండి. జాతి స్థాయి పని ఉన్నవాళ్లు 100ఎక్స్ లెన్సు మార్చి ఇస్తారో లేదో ముందే అడగండి. ఇస్తామంటే ఇంకో స్టార్ కలుపుకోవచ్చు.