కొబ్బరికాయను వదలని గ్రిప్పర్: చిన్న సిలిండర్, 5/2 వాల్వ్‌తో మూడేళ్లు

మూడేళ్ల కిందట నా రోబో చేతికి ఉన్న సర్వో మోటార్లు (చెప్పిన కోణానికి తిరిగి ఆగేవి) తీసేసి, గాలి ఒత్తిడితో కడ్డీని ముందుకూ వెనక్కూ తోసే సిలిండర్ పెట్టాను. బరువున్నదేదైనా పట్టుకుని ఆగితే సర్వో వేడెక్కుతుంది. అలా రెండు కాలిపోయాయి. సిలిండర్‌కు ఆ బాధ లేదు, గంటసేపు పట్టుకుని నిలబడినా చల్లగానే ఉంటుంది. 16 మి.మీ. బోరు (లోపలి వ్యాసం) సిలిండర్ 5 బార్ ఒత్తిడి ఉన్న గాలితో దాదాపు 10 కిలోల బలంతో తోస్తుంది. అరచేతిలో ఇమిడే వస్తువుకు అంత బలమా అని మొదటిరోజు ఎన్నిసార్లు బటన్ నొక్కి చూశానో! ఆ సంతోషం ఇప్పటికీ తగ్గలేదు.

ఏడిపించింది వాల్వ్. సికింద్రాబాద్ రాణిగంజ్‌లో కొన్న 12 వోల్టుల 5/2 సోలినాయిడ్ వాల్వ్, అంటే ఐదు గాలి దారులు, రెండు స్థితులు ఉండి కరెంటుతో గాలి దారి మార్చేది. ఒకే కాయిల్, స్ప్రింగ్‌తో వెనక్కి వచ్చే రకం. కరెంటు పోయినా పట్టు జారకూడదని, కాయిల్ ఆగి ఉంటే గ్రిప్పర్ (వస్తువును పట్టే వేళ్లు) మూసుకునేలా, కరెంటు ఇస్తే తెరుచుకునేలా ట్యూబులు కలిపాను. సంక్రాంతికి అపార్ట్‌మెంట్ పిల్లల ముందు కొబ్బరికాయను పట్టుకుని వదలడం మొదలుపెట్టింది. ఓ యాభై సార్లు బాగానే చేసింది. ఆ తర్వాత కాయను పట్టుకుని ఇక వదల్లేదు. బటన్ నొక్కితే లైటు వెలుగుతోంది, కాయిల్ టిక్కుమంటోంది, గ్రిప్పర్ మాత్రం కదలదు. చివరికి ట్యూబు పీకి గాలి వదిలేస్తేగానీ కాయ చేతికి రాలేదు.

రిలే మార్చాను, బ్యాటరీ చూశాను, వాల్వ్ విప్పి తుడిచాను. రెండు రాత్రులు పోయాయి. కొత్త వాల్వ్ తెచ్చి బిగించినా మొదట బాగుండి, కాసేపటికి అదే వరస. తీరా చూస్తే జవాబు వాల్వ్ ఒంటిమీదే అచ్చేసి ఉంది: 0.15 నుంచి 0.8 ఎంపీఏ (మెగాపాస్కల్). అంటే కనీసం 1.5 బార్ ఉండాలి. ఈ రకంలో కాయిల్ తెరిచేది ఒక చిన్న రంధ్రాన్నే. స్పూల్‌ను, అంటే గాలి దారి మార్చే లోపలి కడ్డీని, నెట్టేది ఆ రంధ్రంలోంచి వెళ్లే గాలి. గాలి చాలకపోతే టిక్ వినిపిస్తుంది, స్పూల్ కదలదు. గాలి నింపి ఉంచే నా టాంకీ 2 లీటర్ల కూల్‌డ్రింక్ సీసా. అప్పుడు గేజ్ 1.2 బార్ చూపిస్తోంది. కాయను పట్టి ఉంచడానికి ఆ గాలి చాలింది, వాల్వ్ తిరగడానికి చాలలేదు. కొనేటప్పుడు ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే పిల్లల ముందు ఆ అవస్థ ఉండేది కాదని ఇప్పటికీ బాధ.

ఇప్పుడు 2.5 బార్ దగ్గర ప్రెషర్ స్విచ్ పెట్టాను, గాలి అక్కడికి దిగగానే టైరు పంపు తనే తిరుగుతుంది. సీసా మీద గీత పడితే మార్చేస్తాను. రక్షణ కళ్లద్దాలు లేకుండా గాలి నింపను.

పట్టు జారదన్నాను గానీ, ఒకరోజు పొద్దున లేచి చూస్తే కాయ నేలమీద ఉంది. కత్తెరతో కోసిన ట్యూబు చివర నలిగి, ట్యూబును నెట్టి బిగించే పుష్ ఫిట్టింగ్ దగ్గర, పంపు ఆపేసిన రాత్రంతా గాలి కారింది. అప్పటినుంచి కొత్త బ్లేడుతో అడ్డంగా, తిన్నగా కోస్తున్నాను.

నా చేయి బల్ల మీద ఒకేచోట ఉంటుంది, తెరవడం మూయడం తప్ప వేరే పని లేదు. అందుకని నాకిది సరిపోయింది. సగంలో ఆగాల్సిన వేళ్లకైతే మళ్లీ సర్వోనే వాడతాను. రాత్రి తొమ్మిది దాటాక కూడా పనిచేసేవాళ్లయితే పంపు మోత పక్కింటివాళ్లకు పడుతుందో లేదో ముందే అడగండి. మా కింది ఫ్లాటు ఆంటీ ఎనిమిదింటి వరకే ఒప్పుకున్నారు.