నాయకుడి భక్తి ఇంట్లో మేలా, వీధిలో మేలా? పళ్ళాలు మార్చి తూచి చూద్దాం

మా నాన్నకు మిర్యాలగూడలో చిన్న కిరాణా కొట్టు ఉండేది. పొద్దున తలుపులు తీయగానే ముందు తక్కెడ చూసుకునేవాడు. పళ్ళాలు ఖాళీగా ఉన్నప్పుడు ముల్లు నిటారుగా నిలిచిందని ఊరుకునేవాడు కాదు. ఒక పళ్ళెంలో రాయి, ఇంకో పళ్ళెంలో బియ్యం పెట్టి తూచేవాడు. తర్వాత రాయిని ఇటు, బియ్యాన్ని అటు మార్చి మళ్ళీ తూచేవాడు. మార్చినప్పుడు ముల్లు ఒరిగిందంటే తక్కెడలో పాసంగం ఉన్నట్టే.

నాయకుల భక్తి గురించి మన దగ్గర నడిచే మాటలు వింటుంటే నాకు ఆ పాసంగమే గుర్తొస్తుంది. మన పార్టీ నాయకుడు యాదగిరిగుట్ట ఎక్కితే భక్తి, అవతలి పార్టీ వాళ్ళు ఎక్కితే డ్రామా. మన పండుగకు సర్కారు డబ్బిస్తే సంప్రదాయం, పక్కవాళ్ళ పండుగకు ఇస్తే ఓట్ల కోసం బుజ్జగింపు. నేను ముప్పై ఏళ్ళు నల్లగొండ జిల్లా సర్కారు బడుల్లో లెక్కలు చెప్పాను. నేనూ చాలా ఏళ్ళు ఇలాగే మాట్లాడాను. అందుకే ఈ విషయాన్ని ఒకసారి కుదురుగా తూచాలనిపించింది.

నాయకుడు తన నమ్మకాన్ని ఏం చేసుకోవాలి? మన ముందు మూడు దారులున్నాయి. దాన్ని ఇంట్లోనే ఉంచుకోవడం ఒకటి. అన్ని మతాల దగ్గరికీ సమానంగా వెళ్ళడం రెండోది. తన మతం ఇదని దాపరికం లేకుండా చెప్పుకుంటూ, పదవిని మాత్రం దానికి దూరంగా ఉంచడం మూడోది. వీటికంటే ముందు నాలుగో సంగతి ఒకటి మాట్లాడాలి. మన ఉమ్మడి జిల్లాలో ఈ మధ్య ఎక్కువగా చూసింది దాన్నే.

గుట్ట మీద ఒట్లు

2022 అక్టోబర్ 28. మునుగోడు ఉప ఎన్నికకు ఇంకా వారం కూడా లేదు. టీఆర్ఎస్ ఎమ్మెల్యేలను బీజేపీ కొనబోయిందన్న గొడవ అప్పుడే బయటపడింది. దానితో తమ పార్టీకి సంబంధం లేదని అప్పటి బీజేపీ రాష్ట్ర అధ్యక్షుడు బండి సంజయ్ తడిబట్టలతో గుట్ట మీద ప్రమాణం చేశారు. ముఖ్యమంత్రి కూడా వచ్చి ప్రమాణం చేయాలని సవాలు విసిరారు. దేవుణ్ణి రాజకీయాల్లోకి లాగారని టీఆర్ఎస్ వాళ్ళు మండిపడ్డారు.

2024 లోక్‌సభ ప్రచారంలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి, ఆగస్టు 15లోగా 2 లక్షల రూపాయల రుణమాఫీ చేసి తీరుతానని అదే లక్ష్మీనరసింహస్వామి మీద ఒట్టు పెట్టారు. ఆగస్టు వచ్చింది. మాఫీ చేశామని ప్రభుత్వం అంది, చాలామంది రైతులకు కాలేదని ప్రతిపక్షం అంది. అప్పుడు బీఆర్ఎస్ (వెనకటి టీఆర్ఎస్) నాయకుడు హరీశ్ రావు గుట్టకు వెళ్ళి, ఒట్టు తప్పిన పాపం జనానికి తగలకూడదని పూజ చేశారు. ఈసారి దేవుణ్ణి రాజకీయాల్లోకి లాగారని కోప్పడడం కాంగ్రెస్ వాళ్ళ వంతయింది.

మూడు పార్టీలు, ఒకే గుట్ట, ఒకే దేవుడు. రెండుసార్లూ అదే ఆరోపణ, కాకపోతే చేసేవాళ్ళు మారారు. మా వీధి వాట్సాప్ గ్రూపులో 2022లో తడిబట్టల ఫొటో చూసి దండం బొమ్మలు పెట్టినవాళ్ళే 2024లో పూజ ఫొటో చూసి ఛీ అన్నారు. మొదటిసారి తిట్టినవాళ్ళు రెండోసారి మెచ్చుకున్నారు.

నాకు ఇందులో బాధ కలిగించేది వేరే ఉంది. రుణమాఫీ అంటే జీవోలు, బ్యాంకు జాబితాలు, రేషన్ కార్డుతో ముడిపెట్టిన నిబంధనలు. పేరు ఎందుకు రాలేదని రైతు అడగాల్సింది వ్యవసాయాధికారిని, ఎమ్మెల్యేను. మధ్యలోకి దేవుణ్ణి తెచ్చాక లెక్క అడగాల్సిన చోట పాపపుణ్యాల చర్చ మొదలైంది. ఎమ్మెల్యేల కొనుగోలు నిజమో అబద్ధమో తేల్చాల్సింది దర్యాప్తు. తడిబట్టలు సాక్ష్యం కావు. ఎన్నికల ముందు రాత్రి నోట్ల కట్టతో పాటు దేవుడి పటం కూడా పట్టుకొచ్చి ఓటర్ల చేత ప్రమాణం చేయించుకునే అలవాటూ ఈ కోవలోదే. పేదవాడి భయభక్తులను తాకట్టు పెట్టించుకోవడం అది. ఏ పార్టీ చేసినా, ఏ దేవుడి పేరు మీద చేసినా నేను ఒప్పుకోను. ఈ నాలుగోదాన్ని పక్కన పెట్టేస్తున్నాను.

ఇంట్లోనే ఉంచుకుంటే

ఈ దారికి మన జిల్లాలో గట్టి వారసత్వం ఉంది. భువనగిరి దగ్గర బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి కమ్యూనిస్టు. 1952లో నల్లగొండ నుంచి లోక్‌సభకు నిలబడితే నెహ్రూకు వచ్చినవాటి కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయి. ఆ ఓట్లు వేసినవాళ్ళు నాస్తికులేం కాదు. చెర్వుగట్టు జాతరకు బండ్లు కట్టుకుని వెళ్ళే జనమే. భూమి కోసం, వెట్టి పోవడం కోసం ఎవరు నిలబడ్డారో చూశారు గానీ ఆయన ఏ దేవుడికి మొక్కుతాడని అడగలేదు. నాకు ఆ రోజుల మీద గౌరవం ఉంది.

అంతకుముందు ఏడాదే ఢిల్లీలో ఇదే వాదన నడిచింది. 1951 మేలో సోమనాథ్ గుడి ప్రతిష్ఠకు రాష్ట్రపతి హోదాలో రాజేంద్రప్రసాద్ వెళ్ళడం నెహ్రూకు ఇష్టం లేదు. రాజేంద్రప్రసాద్ వెళ్ళారు. చాలామంది ఆ ఇద్దరి మధ్య గొడవనే గుర్తుంచుకుంటారు. నాకు అంతకంటే ముఖ్యమనిపించేది గాంధీ చెప్పిన మాట. ఆ గుడి కట్టడానికి సర్కారు ఖజానా ముట్టుకోవద్దని, జనం దగ్గర చందాలు పోగుచేయాలని ఆయన అన్నారు. పటేల్ అందుకు ఒప్పుకున్నారు. ఈ సంగతి దగ్గరికి మళ్ళీ వస్తాను.

మరి ఇంట్లోనే ఉంచుకోవడం మేలు కదా అంటే, ఇక్కడా పాసంగం ఉంది. నుదుట కుంకుమ బొట్టుతో, చేతికి ఎర్రదారంతో అసెంబ్లీకి వస్తే దాన్ని మనం మతంగా లెక్కపెట్టం. అది అలవాటు, సంస్కృతి. టోపీ పెట్టుకుని వస్తే, మెడలో సిలువ కనిపిస్తే మాత్రం మతం గుర్తొస్తుంది. ఎక్కువమంది పాటించేది కంటికి ఆనదు, తక్కువమందిది వెంటనే ఆనుతుంది. "మతం ఇంట్లో పెట్టి రా" అన్న మాట పైకి అందరికీ ఒక్కటే. బరువు మాత్రం కొందరి మీదే పడుతుంది. రాజ్యాంగం 25వ అధికరణ నమ్మకాన్ని మనసులో దాచుకోమని చెప్పలేదు. ఆచరించే, ప్రచారం చేసుకునే స్వేచ్ఛ కూడా ఇచ్చింది. నాయకుడైనంత మాత్రాన అది పోదు.

అందరి దగ్గరికీ వెళ్తే

పాలకీడు మండలం జాన్‌పహాడ్ దర్గా ఉర్సుకు జనవరిలో వెళ్ళి చూడండి. వచ్చేవాళ్ళలో ఎంతమంది హిందువులో. కందూరు చేసి, బంధువులందరికీ అన్నం పెట్టి వస్తారు. మా బడి హాజరు పట్టీలో ఏటా ఇద్దరు ముగ్గురు సైదులు, ఒకరిద్దరు సైదమ్మలు ఉండేవాళ్ళు. ఆ దర్గాకు మొక్కుకుంటే పుట్టిన హిందువుల పిల్లలు వాళ్ళు. సైదిరెడ్డి అన్న పేరు మన జిల్లా దాటితే ఎందరికి అర్థమవుతుంది? పీర్ల పండుగకు అలావు (నిప్పుల గుండం) చుట్టూ ఆడేది కూడా ఊరంతా. ఇలాంటి చోట హిందూ నాయకుడు దర్గాలో చాదర్ కప్పితే ఓట్ల కోసమే అనేయడం మన ఇంటి చరిత్రను మనమే మరిచిపోవడం. వాళ్ళమ్మ కూడా ఆ దర్గాకు మొక్కి ఉండొచ్చు.

టోపీ సంగతి చూడండి. 2011 సెప్టెంబర్‌లో అహ్మదాబాద్ సద్భావన దీక్షలో ఒక మతపెద్ద ఇచ్చిన టోపీని నరేంద్ర మోదీ పెట్టుకోలేదు. దేశమంతా తప్పుపట్టినవాళ్ళున్నారు. ఇఫ్తార్‌లో టోపీ పెట్టుకున్న మన నాయకులనూ తప్పుపట్టేవాళ్ళున్నారు. పెట్టుకుంటే తప్పు, పెట్టుకోకపోతే తప్పు. నా మటుకు, ఇష్టంలేని టోపీని వద్దనడం ఆయన హక్కు. ప్రసాదం వద్దనే ముస్లిం ఎమ్మెల్యేకూ అదే హక్కు ఉంటుందని ఒప్పుకుంటేనే ఆ మాట నిలబడుతుంది. ఒకరికి ఒప్పుకుని ఇంకొకరిని దేశభక్తి అడిగితే అది పాసంగమే.

ఈ దారిలో అసలు చిక్కు డబ్బు దగ్గర వస్తుంది. నాయకుడు స్వయంగా పండుగకు వెళ్ళడం వేరు, సర్కారు విందు పెట్టడం వేరు. మన రాష్ట్రంలో రంజాన్ విందు, క్రిస్మస్ విందు, బతుకమ్మ చీరలు అన్నీ నడిచాయి. ఇమామ్‌లకు, మౌజన్లకు గౌరవ వేతనం ఇస్తారని తెలిసినవాళ్ళు కోపంగా చెబుతారు. అదే మనుషులకు ధూపదీప నైవేద్యం పథకం గుర్తుకు రాదు. ఆదాయం లేని చిన్న గుళ్ళలో పూజ సామానుకూ, అర్చకుడి గౌరవ వేతనానికీ సర్కారు నెలనెలా ఇచ్చేది ఆ పథకం కిందే. రెండూ ఉండాలనవచ్చు, రెండూ వద్దనవచ్చు. ఒకటి సేవ, ఇంకొకటి బుజ్జగింపు అనడం మాత్రం కుదరదు.

ఒక మతాన్ని పెంచడానికి పన్ను కట్టమని ఎవరినీ బలవంతపెట్టకూడదని 27వ అధికరణ చెబుతుంది. హజ్ సబ్సిడీ మీద కేసు వేస్తే, పన్నులో పెద్ద భాగం ఒక మతానికి పోతేనే ఆ అధికరణ అడ్డొస్తుందని 2011లో సుప్రీంకోర్టు అంది. 2018లో కేంద్రం ఆ సబ్సిడీ తీసేసింది. కోర్టు గీత అంత వదులుగా ఉన్నప్పుడు, మనం కాస్త బిగించుకోవాలి.

నమ్మకం తనది, కుర్చీ అందరిది

మూడో దారి ఎందుకు మేలనిపించిందో చెప్పాలంటే మా బడి సంగతి చెప్పాలి. కొత్త తరగతి గదుల ప్రారంభానికి ఒక నాయకుడు వచ్చారు. పంతులు గారు, కలశం, కొబ్బరికాయలు, హోమం అన్నీ ఉన్నాయి. టీచర్లందరం హారతి పళ్ళెం చుట్టూ నిలబడ్డాం. మాతో పదకొండేళ్ళు పనిచేసిన ఫిజిక్స్ మేడం ముస్లిం. వరండా చివర స్తంభం పక్కన, ఆరో తరగతి పిల్లల వెనక నిలబడింది. ఎవరూ ఆమెను పొమ్మనలేదు, రమ్మనీ అనలేదు. తర్వాత నేను అడిగితే "ఏం కాదక్కా, నాకు అలవాటే" అంది. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అదే నాయకుడు ఆ గదులను ఫాతిహా చదివించి ప్రారంభించి ఉంటే? జిల్లా అంతా ధర్నాలు జరిగేవి. నేనూ వెళ్ళేదాన్నేమో. రాయి అటు, బియ్యం ఇటు మార్చి చూసింది ఆ రోజే.

ఆ నాయకుడు తన ఇంట్లో హోమం చేయించుకుంటే నాకు అభ్యంతరం లేదు. వీధిలో పందిరి వేసి వెయ్యిమందికి భోజనం పెట్టినా వెళ్ళి తినివస్తాను. బడి గది మాత్రం ఆయనది కాదు.

ఈ తేడా ఒకే మనిషి చేసిన రెండు పనుల్లో చూడొచ్చు. 2015 డిసెంబర్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఎర్రవల్లిలో, తన పొలంలో అయుత చండీయాగం చేశారు. సర్కారు సొమ్ము కాదని చెప్పారు. ముఖ్యమంత్రి అంత బాహాటంగా యాగం చేయవచ్చా అని చాలామంది గింజుకున్నారు. నాకది తప్పనిపించలేదు. 2017 ఫిబ్రవరిలో తెలంగాణ మొక్కు తీర్చడానికి తిరుమల వెంకన్నకు సుమారు 5 కోట్ల రూపాయల బంగారు నగలు సమర్పించారు. అది రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఖర్చు. రాష్ట్రం కోసమే మొక్కారు కదా అన్నారు మా ఇంట్లోవాళ్ళు. కానీ ఆ ప్రభుత్వం ఫిజిక్స్ మేడంది కూడా. ఆమెను ఎవరూ అడగలేదు. మొదటి పని ఎంత ఆర్భాటంగా ఉన్నా నాకు సమ్మతమే. రెండో పని ఎంత భక్తితో చేసినా సమ్మతం కాదు. సోమనాథ్ విషయంలో గాంధీ గీసిన గీత కూడా ఇదే.

2019లో గుట్ట గుడి కొత్త స్తంభాల మీద ముఖ్యమంత్రి కేసీఆర్ బొమ్మ, ఆయన పార్టీ కారు గుర్తు చెక్కినట్టు బయటపడింది. అన్ని వైపుల నుంచీ కోపం రావడంతో తీసేశారు. అప్పుడు మనకు గీత ఎక్కడుందో స్పష్టంగా తెలిసింది. పార్టీ గుడిలోకి రాకూడదని ఎవరూ నేర్పకుండానే అన్నాం. గుడే తాలూకా ఆఫీసులోకి, బడిలోకి వచ్చినప్పుడు మాత్రం అంత త్వరగా ఎందుకు అనలేకపోతున్నాం?

చట్టం కూడా ఈ దారికే దగ్గరగా ఉంది. పదవీ ప్రమాణంలో దేవుడి పేరు మీద చేయవచ్చు, ఆ పేరు లేకుండా గంభీరంగా ప్రకటించవచ్చు. రెంటికీ ఒకే విలువ. నమ్మకం ఉందని దాచుకోనక్కర్లేదు, లేదని సిగ్గుపడక్కర్లేదు. మతం పేరు చెప్పి ఓటు అడిగితే మాత్రం 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద ఎన్నికే రద్దు కావచ్చు. 2017 జనవరిలో సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం ఈ నిషేధాన్ని ఇంకా వెడల్పు చేసింది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని నలుగురు జడ్జీలు అన్నారు, ముగ్గురు ఒప్పుకోలేదు.

ఒక్కచోట నా లెక్క ఇంకా తేలలేదు. శ్రీరామనవమికి భద్రాద్రి రాముడికి రాష్ట్ర ప్రభుత్వం పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపుతుంది. తానీషా కాలం నుంచి వస్తున్న ఆనవాయితీ అని చెబుతారు. నేను పెట్టుకున్న నియమం ప్రకారం ఇది కూడా వద్దనాలి. కానీ ముస్లిం పాలకుడు మొదలుపెట్టాడని మనం గర్వంగా చెప్పుకునే పనిని వద్దనడానికి నాకు నోరు రావడం లేదు. ఫిజిక్స్ మేడాన్ని అడిగాను. ఆమె కాసేపు ఆలోచించి, "రేపు ఒక ముస్లిం ముఖ్యమంత్రి అయి, ఆ తలంబ్రాల పళ్ళెం నెత్తిన పెట్టుకుని వెళ్తే, ఈ దేవుడి మీద నమ్మకముందని డిక్లరేషన్ రాసివ్వమని అడగకుండా దారి ఇస్తారా అక్కా?" అంది. ఇస్తారంటే ఆ ముత్యాలు రాష్ట్రానివి. నేను ఇంకా జవాబు చెప్పలేదు.