కాటన్ బౌల్ చూడటానికి మెకార్థర్ రోడ్డు మీది ఆ హోటల్‌కు వెళ్ళవచ్చా?

వెళ్ళవచ్చు, కొన్ని షరతుల మీద. డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో మెకార్థర్ బులెవార్డ్ పొడవునా మన హోటళ్ళకు కొదవ లేదు. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ కోసం పనిగట్టుకుని గోడకు తెర కట్టింది మాత్రం నాకు తెలిసి ఈ ఒక్కరే. మెచ్చుకోలుతో పాటు తిట్లు కూడా రాస్తున్నాను కనుక పేరు చెప్పను. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ జట్టు ఆడే రోజున ముదురు నారింజ రంగు టీషర్టులు గుంపుగా లోపలికి వెళ్తుంటే ఏ హోటలో మీకే తెలుస్తుంది.

2025 జనవరి 1న క్వార్టర్‌ఫైనల్ ఆట పీచ్ బౌల్ ఇక్కడే చూశాను. ఈ శుక్రవారం, 10వ తేదీ సాయంత్రం ఆరున్నరకు టెక్సస్, ఒహాయో స్టేట్ జట్ల సెమీఫైనల్, అంటే కాటన్ బౌల్ కూడా ఇక్కడే చూడబోతున్నాను. ఆట జరిగేది ఎంతో దూరాన కాదు, ఆర్లింగ్టన్‌లోని ఏటీ అండ్ టీ స్టేడియంలో. అయితే టికెట్టు ధర చూశాక స్టేడియం ఆలోచన అక్కడితో ఆగిపోయింది. పైగా అక్కడికి రైలు లేదు. కారు నిలపడానికి ఇచ్చే డబ్బుతో ఇక్కడ నలుగురం కడుపు నిండా తినవచ్చు.

హోటల్లో అడుగు పెట్టగానే ఎడమ గోడకు పెద్ద తెర. క్యాష్ కౌంటర్ పైన ఒక టీవీ, చేతులు కడుక్కునే చోట ఇంకొకటి. తెర మీద బొమ్మ బాగానే ఉంటుంది కానీ, వీధి తలుపు తీసినప్పుడల్లా ఎండ పడి వెలిసిపోతుంది. పీచ్ బౌల్ మధ్యాహ్నం పన్నెండుకు మొదలైంది కాబట్టి ఆ బాధ పడ్డాం. ఈసారి సాయంత్రం ఆట కనుక అది ఉండదు. బఫే బల్లకు ఎదురుగా ఉన్న కుర్చీలు మాత్రం ఎవరు బతిమాలినా తీసుకోవద్దు. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడ్డవాళ్ళ వీపులు తప్ప మరేమీ కనిపించవు.

అసలు ఇబ్బంది శబ్దంతో. మొదటి సగమంతా తెర మీద ఫుట్‌బాల్, స్పీకర్లలో సినిమా పాటలు. వడ్డించే కుర్రాణ్ణి పిలిచి అడిగితే, "అక్కా, వెనక గదిలో పుట్టినరోజు ఫంక్షన్ ఉంది. కేకు కోసేదాకా కాస్త ఓపిక పట్టండి" అన్నాడు. కేకు కోశారు, ఫొటోలు దిగారు, ఆ తర్వాత ఎప్పటికో వ్యాఖ్యానం వినిపించింది. శుక్రవారం ఏ ఫంక్షనూ ఒప్పుకోలేదని యజమాని గట్టిగా చెప్పారు. చూద్దాం.

ఇంకో లోపం ఉంది, అది వాళ్ళు సరిచేయగలిగింది కాదేమో. ఇక్కడి ప్రసారం ఇంటర్నెట్ మీద వస్తుంది కాబట్టి అసలు ఆటకు అర నిమిషం పైగా వెనక ఉంటుంది. పీచ్ బౌల్‌లో దీని దెబ్బ బాగా తగిలింది. నాలుగో క్వార్టర్‌లో 24-8తో ముందున్న టెక్సస్‌ను అరిజోనా స్టేట్ వెంటాడి 24-24కు తెచ్చింది. వాళ్ళ క్యామ్ స్కాటెబో పరుగెత్తాడు, బంతి పట్టాడు, పైగా తానే విసిరి టచ్‌డౌన్ (బంతిని ప్రత్యర్థి గీత దాటిస్తే వచ్చే ఆరు పాయింట్లు) కూడా చేయించాడు. ఆఖరి రెండు నిమిషాల్లో మన కిక్కర్ రెండు ఫీల్డ్ గోల్స్ (బంతిని తన్ని స్తంభాల మధ్యకు పంపితే మూడు పాయింట్లు) తప్పాడు, రెండోది స్తంభానికి తగిలి వెనక్కి వచ్చింది. ఓవర్‌టైమ్‌లో అరిజోనా స్టేట్ ముందుగా ఏడు పాయింట్లు తీసుకుంది. టెక్సస్‌కు మిగిలింది ఆఖరిదైన నాలుగో ప్రయత్నం, కావలసింది పదమూడు గజాలు. బంతి నేల తాకితే సీజన్ ముగిసినట్టే. తెర మీద మన పాస్‌లు విసిరే క్వార్టర్‌బ్యాక్ క్విన్ యూవర్స్ ఇంకా బంతి అందుకోనేలేదు, పక్క బల్ల దగ్గర ఫోను చూస్తున్న కుర్రాడు "అమ్మో!" అని కుర్చీలోంచి లేచాడు. తర్వాత మేము చూసింది జరిగిపోయిన సంగతే. 28 గజాల టచ్‌డౌన్ పాస్, పట్టింది మాథ్యూ గోల్డెన్. రెండో ఓవర్‌టైమ్‌లో 39-31తో గెలిచాం. అరవాల్సిన చోట అరవలేకపోయాననే బాధ నాకింకా ఉంది. శుక్రవారం నా బల్ల దగ్గర ఫోన్లన్నీ సంచిలోకి వెళ్తాయి. మీరూ అదే పని చేయండి.

శుక్రవారం ఆటలోనూ అంత ఉత్కంఠ ఉంటుందా? ఉండాలనే కోరుకుంటున్నాను, కానీ ఒహాయో స్టేట్ అరిజోనా స్టేట్ కాదు. అదే జనవరి 1న రోజ్ బౌల్‌లో, అప్పటిదాకా ఓటమి ఎరగని ఒరెగాన్‌ను 41-21తో చితక్కొట్టారు. ఒక దశలో 34-0. జెరెమయా స్మిత్ అనే మొదటి సంవత్సరం కుర్రాడు ఏడు బంతులు పట్టి 187 గజాలు, రెండు టచ్‌డౌన్లు సాధించాడు. వాళ్ళ రక్షణ వరుస ఒరెగాన్ క్వార్టర్‌బ్యాక్‌ను ఎనిమిది సార్లు పడగొట్టింది. స్మిత్‌ను ఇద్దరు కాపలా కాస్తే ఎమెకా ఎగ్బుకా ఖాళీగా దొరుకుతాడు. గాలిలో బంతి ఆపితే హెండర్సన్, జడ్కిన్స్ నేల మీద పరుగెడతారు. ఎటు చూసినా ప్రమాదమే.

అయినా వాళ్ళు ఓడిపోని జట్టేమీ కాదు. నవంబర్ 30న సొంత మైదానంలో మిషిగన్ చేతిలో 13-10తో ఓడారు. స్మిత్ లాంటివాణ్ణి పెట్టుకుని, మిషిగన్ బలంగా ఉన్న మధ్యలోకే పదే పదే పరుగెత్తారు. అదే మిషిగన్‌ను సెప్టెంబర్‌లో వాళ్ళ ఊళ్ళోనే మనం 31-12తో ఓడించాం. ఈ లెక్కన మనమే గెలవాలని మా బల్ల దగ్గర ఒకాయన వాదించారు. ఫుట్‌బాల్‌లో అలాంటి లెక్కలు నడిస్తే ఆటలు ఆడనక్కర్లేదు. నేను చూసేది ఇంకోచోట. క్వార్టర్‌బ్యాక్‌ను కాపాడే వాళ్ళ ముందు వరుసలో ఎడమ ట్యాకిల్ జాష్ సిమన్స్, సెంటర్ సెత్ మెక్‌లాఫ్లిన్ ఇద్దరూ గాయాలతో సీజన్‌కు దూరమయ్యారు. గార్డ్ డోనవాన్ జాక్సన్‌ను ఎడమ ట్యాకిల్‌కు జరిపి నెట్టుకొస్తున్నారు. మన కాలిన్ సిమన్స్ ఆ అంచు నుంచి వేగంగా దూసుకురాగలిగితే, స్మిత్ దూరం పరుగెత్తేంత సమయం క్వార్టర్‌బ్యాక్ విల్ హవార్డ్‌కు దొరకదు. వెనక జహ్‌డే బారన్ ఉన్నాడు. దేశంలో మేటి డిఫెన్సివ్ బ్యాక్‌కు (వెనక నిలిచి పాస్‌లను అడ్డుకునేవాడికి) ఇచ్చే జిమ్ థోర్ప్ అవార్డు ఈ సీజన్‌లో అతనిదే.

దాడిలో మాత్రం నాకు భయముంది. పీచ్ బౌల్‌లో మన పరుగులు సాగలేదు. శుక్రవారం కూడా అంతే అయితే భారమంతా యూవర్స్ మీదే పడుతుంది, ఎదురుగా ఒహాయో రక్షణ వరుసలో జాక్ సాయర్ ఉంటాడు. ఇద్దరూ 2021లో ఒహాయోలో ఒకే గదిలో ఉన్నవాళ్ళు. యూవర్స్ అక్కడ ఒకే ఆటలో రెండంటే రెండు సార్లు బంతి అందుకుని టెక్సస్‌కు వచ్చేశాడు. పైగా అతను చదివిన హైస్కూలు ఇక్కడికి దగ్గరే, కొప్పెల్, గ్రేప్‌వైన్ దాటాక వచ్చే సౌత్‌లేక్‌లో. హోటల్లో కుర్రాళ్ళందరూ అతని బదులు రెండో క్వార్టర్‌బ్యాక్ ఆర్చ్ మ్యానింగ్‌ను దింపాలని గోల చేస్తారు. టెక్సస్ ఏ అండ్ ఎం జట్టు మీద నాలుగో ప్రయత్నంలో మ్యానింగ్ పదిహేను గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేసిన మాట నిజమే. అలాంటి చోట ఒకటి రెండు సార్లు దింపితే చాలు. ఇంత దూరం తెచ్చినవాణ్ణి సెమీఫైనల్‌లో మార్చమనడం మతిలేని మాట. నా లెక్క ప్రకారం ఒహాయో ఒక టచ్‌డౌన్ తేడాతో గెలుస్తుంది. ఆస్టిన్‌లో చదువుకున్నదాన్ని, ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. 2006 జనవరిలో విన్స్ యంగ్ జట్టు 41-38తో టైటిల్ గెలిచాక యూనివర్సిటీ టవర్ కిటికీల్లో 1 అంకె వెలగడం కళ్ళారా చూశాను. ఫుట్‌బాల్ కోసం అప్పటి నుంచీ అలా వెలగలేదు. ఈ సీజన్‌కు ముందు ఒహాయో చివరి టైటిల్ 2015 జనవరిలో, సరిగ్గా ఈ ఆర్లింగ్టన్ స్టేడియంలోనే.

ఇక తిండి. మిర్చి బజ్జీ అద్భుతం. మిరపకాయ గింజలు తీసి వాము కూరతారు, కోసిన బజ్జీలో సన్నటి ఉల్లిపాయ, పైన నిమ్మరసం పిండి తెస్తారు. శనగపిండి పూత పలచగా, కరకరలాడుతూ ఉంటుంది. ప్లేటు 8 డాలర్లు, ఇద్దరికి సరిపోతుంది. ఫ్రై పీస్ బిర్యానీలో ముక్క బాగుంది, అన్నం అడుగున తడి. గోంగూర చికెన్‌లో పులుపు చాలలేదు, ఇక్కడి ఆకుతో ఎవరు చేసినా అంతేనేమో. బిర్యానీ ఆట మొదలవక ముందే తెప్పించుకోండి. ప్రకటనలతో కలిపి ఆట మూడున్నర గంటలు దాటుతుంది, రెండో సగంలో వంటగదిలోని వాళ్ళు కూడా తలుపు దగ్గరే నిలబడి చూస్తుంటారు, ఆర్డరు కదలదు. రిచర్డ్‌సన్ నుంచి యూటీ డల్లాస్ విద్యార్థులు గుంపుగా వస్తారు. వాళ్ళ కాలేజీకి చదరంగంలో పేరుంది, ఫుట్‌బాల్ జట్టు లేదు, అందుకని ఆస్టిన్ జట్టునే తమదనుకుంటారు. ఆరుగురు దాటితే టిప్పు బిల్లులోనే వేస్తారు, చూసుకుని ఇవ్వండి.

గురువారం నుంచి మంచు పడుతుందని హెచ్చరిక ఉంది. స్టేడియానికి మూసుకునే పైకప్పు ఉంది కాబట్టి ఆటకు ఢోకా లేదు. హోటల్ తెరుస్తారో లేదో మాత్రం ఫోను చేసి కనుక్కోండి, ఎడమ గోడ పక్క బల్ల అప్పుడే అడగండి. ఫైనల్ 20న, సోమవారం. సోమవారాలు ఈ హోటల్‌కు సెలవు. టెక్సస్ గెలిస్తే తెరుస్తానని యజమాని అన్నారు. ఒహాయో గెలిస్తే ఎవరింట్లో వాళ్ళే చూసుకోవాలట.