అటక మీది రికార్డుల కోసం కొన్న ప్లేయర్: ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్, ఏడాది వాడాక

విజయవాడ ఇల్లు ఖాళీ చేసేటప్పుడు అటక మీంచి నాన్న రికార్డుల పెట్టె దిగింది. "పాత సామాన్లవాడికి వేసేయనా?" అని నన్నడిగింది అమ్మ. వద్దని హైదరాబాద్ తెచ్చేసుకున్నాను కానీ, నా దగ్గర వాటిని వాయించేది ఏమీ లేదు. పెట్టెలో ముప్పైకి పైగా రికార్డులు, ఎక్కువ హెచ్‌ఎంవీ, కొన్ని కొలంబియా (అప్పట్లో రెండూ గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియావే). వాటిలో ఘంటసాల గారి భగవద్గీత ఎల్పీ (12 అంగుళాల పెద్ద రికార్డు) కూడా ఉంది, అట్ట మూలలు చెదలు తినేసినా రికార్డు మాత్రం బాగుంది.

నేను అనుకున్న బడ్జెట్ అన్నీ కలిపి 25,000. అంత డబ్బు పెట్టాలా, 5,000కే ముద్దుగా సూట్‌కేసులా మూత తెరిచే ప్లేయర్లు దొరుకుతున్నాయిగా అని చాలామంది అడుగుతారు. నేనూ అదే కొనబోయాను. ముందు ఒక స్నేహితుడి దగ్గరున్న అలాంటి దాంట్లో నాన్న ఈపీ (7 అంగుళాల చిన్న రికార్డు) ఒకటి పెట్టి విన్నాను. పాట హెచ్చు స్థాయికి వెళ్లిన ప్రతిసారీ గొంతు బొంగురుపోతోంది, రెండో పాటలో సూది ఎగిరి ముందుకు దూకింది. ఆ రకం వాటిల్లో సాధారణంగా సిరామిక్ కార్ట్రిడ్జ్ (సూదిని పట్టుకుని, దాని అదురుని సిగ్నల్‌గా మార్చే భాగం) ఉంటుంది, అది గాడి మీద బాగా బరువు వేస్తుంది. పైగా స్పీకర్లు కూడా అదే డబ్బాలో ఉండటం వల్ల ఆ అదురు మళ్లీ సూదికే తగులుతుంది. కొత్తగా అచ్చయ్యే రికార్డు పాడైతే ఇంకోటి కొనుక్కోవచ్చు, యాభై ఏళ్ల నాటి ఈపీ గాడి ఒకసారి అరిగితే దాన్ని ఎక్కడ తెచ్చుకుంటాం? అందుకే మొదటి డబ్బు రికార్డుల మీద కాకుండా సూది మీద పెట్టాలని తేల్చుకున్నాను.

అలా తీసుకున్నదే ఆడియో-టెక్నికా ఎల్‌పీ60ఎక్స్. నాకు 16,000 చిల్లర పడింది, ధర నెలనెలా మారుతూ ఉంటుంది కాబట్టి ఆఫర్ ఉన్నప్పుడు చూసుకోండి. పెట్టె విప్పగానే రికార్డు తిప్పే పళ్లెం విడిగా, బెల్టు మోటారుకి తగిలించకుండా కనిపించేసరికి కొంచెం టెన్షన్ పడ్డాను కానీ, పని ఐదు నిమిషాల్లో అయిపోయింది. పళ్లెం కింద బెల్టుకి ఒక ఎర్ర రిబ్బను కట్టి ఉంటుంది. పళ్లేన్ని ఇరుసు మీద కూర్చోబెట్టి, పైనున్న కంతలోంచి ఆ రిబ్బను పట్టుకుని లాగి, బెల్టుని మోటారు దగ్గరున్న చిన్న చక్రానికి తగిలించాలి. మెలిక పడకుండా చూసుకుంటే చాలు. తర్వాత రికార్డు పెట్టి, సైజు 7 అంగుళాలా 12 అంగుళాలా, స్పీడు (నిమిషానికి ఎన్ని చుట్లు) 33నా 45ఆ ఎంచుకుని స్టార్ట్ నొక్కితే, సూది ఉన్న చేయి తనంతట తనే లేచి, వెళ్లి, నెమ్మదిగా దిగుతుంది. సైడ్ అయిపోగానే మళ్లీ వెనక్కొచ్చి ఆగిపోతుంది. రాత్రి పాట వింటూ నిద్రపోయే మా అమ్మకి ఇది చాలా పెద్ద సదుపాయం, సూది తెల్లవార్లూ చివరి గాడిలో తిరుగుతూ అరిగిపోదు.

వెనకాల ఒక చిన్న స్విచ్ ఉంటుంది, దాని గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. రికార్డు గాడిలో బేస్ కావాలనే తగ్గించి, హెచ్చు శబ్దాలు పెంచి కోస్తారు. దాన్ని తిరిగి సరిచేసి, సూది నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ని పెంచడానికి ప్రీయాంప్ కావాలి. అది ఇందులోనే ఉంది. మామూలు స్పీకర్లకి, హోమ్ థియేటర్ ఆక్స్‌కి పెడితే స్విచ్ 'లైన్' మీద ఉండాలి. 'ఫోనో' మీద వదిలేస్తే శబ్దం దోమ రొదలా వస్తుంది, ప్లేయర్ పాడైందనుకుని వాపసు పంపేసినవాళ్లు కూడా నాకు తెలుసు. స్పీకర్ల కోసం విడిగా ఖర్చు పెట్టలేదు, ఇంట్లో ఉన్న కంప్యూటర్ స్పీకర్లే పెట్టాను. అయితే ప్లేయర్ ఉన్న బల్ల మీద స్పీకర్లు పెట్టకండి, బేస్ కొట్టినప్పుడల్లా సూది అదురుతుంది.

ఇక దీనికి లోటులూ ఉన్నాయి. ఒళ్లంతా తేలికైన ప్లాస్టిక్, బల్ల గట్టిది కాకపోతే పిల్లలు పక్కనుంచి పరిగెత్తినా తెలిసిపోతుంది. సూది మార్చుకోవచ్చు కానీ కార్ట్రిడ్జ్ మార్చలేం, గాడి మీద సూది వేసే బరువు సర్దుకోలేం. రేపు ఇంకా మంచి శబ్దం కావాలనిపిస్తే మొత్తం ప్లేయరే మార్చాలి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది 78 స్పీడు లేకపోవడం. నాన్న పెట్టెలో ఆ స్పీడుకి తిరిగే లక్క ప్లేట్లు తొమ్మిది ఉన్నాయి, తాతయ్య నాటివి, బరువుగా, జారితే పెంకులా పగిలిపోయేవి. వాటి గాడి వెడల్పు వేరు, సూది వేరు. మీ ఇంట్లోవి కూడా అవే అయితే ఈ ప్లేయర్ కొనకండి, కొనేముందే ఒకసారి లేబుల్ మీద స్పీడు చూసుకోండి.

కడగడం మాత్రం దాటవేయొద్దు. మొదట భగవద్గీత ఎల్పీ కడగకుండానే పెడితే నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటలు, సూది చివర బూడిద రంగు ఉండ. అప్పుడు ఒక లీటర్ డిస్టిల్డ్ వాటర్ తెచ్చి, అందులో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మైక్రోఫైబర్ గుడ్డతో గాడి తిరిగిన దిక్కునే తుడిచాను, లేబుల్ తడవకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని. గుడ్డ టీ రంగుకి తిరిగింది, గది నిండా కలరా ఉండల వాసన. ఉత్త డిస్టిల్డ్ వాటర్‌తో ఇంకోసారి తుడిచి, గిన్నెల స్టాండులో నిలబెట్టి నీడలో ఆరబెట్టాను. మళ్లీ పెడితే ఆ గొంతు ముందుకొచ్చి కూర్చుంది. అమ్మ వంటింట్లోంచి గరిటె పట్టుకునే వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయింది, సైడ్ అయ్యేదాకా కదల్లేదు. లక్క ప్లేట్లకి మాత్రం స్పిరిట్ కలిసిన ద్రవం ఏదీ తగలనివ్వకండి, లక్క కరిగిపోతుంది.

ఉన్నవి విన్నాక కొత్తవి కావాలనిపిస్తుంది. కొత్త ఎల్పీలు నేను చూసినంతలో 2,500 నుంచి 4,000 దాకా ఉన్నాయి, మన బడ్జెట్‌కి ఏడాదికి రెండు. నేనైతే ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌లకి, అప్పుడప్పుడు గురువారం జుమ్మేరాత్ బజార్‌కి వెళ్తాను. పాత సినిమా ఈపీలు 100, 150కి దొరికిన రోజులున్నాయి, ఏమీ దొరకని వారాలే ఎక్కువ. "అన్నా, ఒకసారి తీసి చూస్తా" అని అడిగితే ఎవరూ కాదనరు. ముందు అట్ట మీది పేరూ లేబుల్ మీది పేరూ ఒకటేనా చూడండి, ఒకదాని అట్టలో ఇంకోటి ఉండటం మామూలే. తర్వాత ఎండకి ఏటవాలుగా పట్టుకోండి. వెంట్రుకంత గీతలకి భయపడక్కర్లేదు, గోటికి తగిలే గీత ఉంటే వదిలేయండి. కంటి ఎత్తులో అడ్డంగా పట్టుకుంటే వంకర తెలిసిపోతుంది.

ఆన్‌లైన్‌లో ఒకసారి దెబ్బతిన్నాను. ఒక అమ్మకందారు 'గుడ్' అని రాస్తే మంచి కండిషన్ అనుకుని 900 పెట్టాను. రికార్డుల లెక్కలో 'గుడ్' అంటే బాగా అరిగిపోయినదని, 'వీజీ ప్లస్' (వెరీ గుడ్ ప్లస్) నుంచే నిశ్చింతగా కొనాలని అప్పటికి నాకు తెలియదు. మే నెల ఎండలో, పల్చటి న్యూస్‌పేపర్ చుట్టి పంపారు, అప్పడంలా వంగిపోయి వచ్చింది. మెసేజ్ పెడితే జవాబు లేదు. ఇప్పుడు రెండు అట్టముక్కల మధ్య పెట్టి పంపుతామని ముందే ఒప్పుకున్నవాళ్ల దగ్గరే కొంటున్నాను, ఎండాకాలం అసలు తెప్పించుకోను.

ఏడాదిలో ప్లేయర్ ఒక్కసారి కూడా మొరాయించలేదు. దీని సూది ఏటీఎన్3600ఎల్, విడిగా దొరుకుతుంది. ఈ రకం గుండ్రటి మొన సూదిని 300 నుంచి 500 గంటల మధ్య మార్చేయాలి. మేం రోజూ సాయంత్రం ఒక గంట పెడతాం కాబట్టి సమయం దగ్గరపడింది. కొత్త సూది తెచ్చి పెట్టాను, వచ్చే ఆదివారం మార్చి, డబ్బా మీద పెన్సిల్‌తో తేదీ రాసుకుంటాను.