కర్నూలు నిరాశ్రయుల వసతి గృహంలో ఇరవై మూడు రాత్రులు

పాతబస్తీలో మేం అద్దెకుంటున్న మట్టి మిద్దె వానలకు ఒక మూల కూలింది. నేను తాపీ మేస్త్రీని. వానలు పడితే పని ఉండదు, పని లేకపోతే కొత్త గదికి అడ్వాన్స్ ఎక్కడి నుంచి తేవాలి? భార్యనూ, పదో తరగతి చదివే బిడ్డనూ డోన్‌లో మా బావమరిది ఇంట్లో దింపి, నేను ఈ వసతి గృహానికి వచ్చాను.

ఆధార్ కార్డు తడిసి ముద్దయిపోయింది, రానిస్తారో లేదోనని టెన్షన్. కేర్‌టేకర్ రిజిస్టర్‌లో పేరు రాసుకుని, "ముందు పండుకో అన్నా, కార్డు సంగతి పొద్దున చూద్దాం" అన్నాడు. ఆ మాటకు నేను ఎన్ని మార్కులైనా ఇస్తాను. దుప్పటి ఉతికిందే ఇచ్చాడు. డబ్బు అడగలేదు.

హాల్లో పరిచినవి బేతంచెర్ల బండలు. సందులు చక్కగా నింపారు, చీపురుతో ఒక్క ఊపు ఊడిస్తే దుమ్ము నిలవదు. స్నానాల గదిలో మాత్రం వాటం తప్పింది. నీళ్లు తూము వైపు పోకుండా గుమ్మం దగ్గర నిలుస్తాయి. ఒక పెద్దాయన రెండుసార్లు జారాడు. కేర్‌టేకర్‌కు చెబితే అర బస్తా సిమెంటు తెప్పించాడు. రసమట్టం పెట్టి చూస్తే గుమ్మం వైపే అంగుళం పల్లం. ఒక పూట పనితో సరిచేశాను. కట్టేటప్పుడే ఒక బకెట్ నీళ్లు పోసి చూసుకుని ఉంటే సరిపోయేది.

ఇక అసలు లోటు. ఇక్కడ మగవాళ్లకే చోటు. 2009 అక్టోబరులో హంద్రీ, తుంగభద్ర ఊరి మీద పడ్డప్పుడు మేం బడి గదిలో తలదాచుకున్నాం. ఇల్లు మునిగినా అందరం ఒక్కచోట ఉన్నాం. ఈసారి రోజూ రాత్రి బిడ్డ ఫోన్ చేసి, "నాయనా, ఎప్పుడొస్తావ్?" అనేది. పట్టణ నిరాశ్రయుల వసతికి 2013లో కేంద్రం తెచ్చిన పథకం లెక్క ప్రకారం మనిషికి కనీసం 50 చదరపు అడుగులు ఉండాలి. అంటే ముగ్గురికి 150. పదీ పదిహేను అడుగుల గది, లోపల గడియ పడే తలుపు, వంటకు ఒక గట్టు. రెండు మూడు నెలలు అందులో ఉంటే అడ్వాన్స్ కూడబెట్టుకుని బయటపడొచ్చు. లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలని కూడా ఆ పథకంలో రాశారు. 2011 నాటికే కర్నూలు జనం నాలుగు లక్షలు దాటారు. కొత్తగా కట్టేవాటిలో కొన్ని గదులైనా కుటుంబాలకు కేటాయించాలని నా గట్టి కోరిక.

ఎవరైనా ఇక్కడికి వెళ్లాల్సి వస్తే తాళం మీరే పట్టుకెళ్లండి. మంచం కింద పెట్టెకు గొళ్లెం ఉంది గానీ తాళం ఇవ్వరు. బిడ్డ సర్టిఫికెట్లు పాలిథిన్ కవర్‌లో చుట్టి, తాళం కొనేదాకా రెండు రాత్రులు తల కింద పెట్టుకుని పడుకున్నాను.