మనతోనే వండించి బిల్లు వేసే బస

హనుమకొండ నుంచి రామప్ప, లక్నవరం చూడబోయే కుటుంబాలకు బస ఎక్కడన్నదే పెద్ద ప్రశ్న. నగరంలో దిగితే వేయి స్తంభాల గుడి, వరంగల్ కోట దగ్గరవుతాయి, తిండికి లోటుండదు. కానీ 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడి ఉన్న పాలంపేట అక్కడికి దాదాపు 70 కిలోమీటర్లు కనుక, మదనికల (గుడి చూరు కింద నిలిపిన స్త్రీ శిల్పాల) నల్లరాతి నునుపును ఎండ ముదరకముందే చూడాలంటే చీకట్లోనే బయలుదేరాలి. అందుకే ఈసారి ఒక రాత్రి ములుగు వైపు తోటల మధ్యనున్న బసలో ఉన్నాము.

గదులు సాదా, వేడినీళ్లు బకెట్లలో వస్తాయి, దోమల సంగతి చెప్పనక్కరలేదు. అయినా వారాంతంలో అక్కడ గది దొరకడం కష్టం. కారణం, సాయంత్రం చెట్ల కింద ఎవరి నాటుకోడి కూర వారే వండుకోవచ్చు. మా కూర మామూలుగానే కుదిరింది. ముందురోజు హనుమకొండ హోటల్లో తిన్నదే నిజానికి రుచిగా ఉంది. కానీ ఇంటికొచ్చాక మావాళ్లు చెప్పుకునేది ఈ కూర గురించే.

కెనడాలోని అంటారియోలో ఉండే మా బావమరిది అది చూసి, తమ ఊళ్లో బీరు తయారుచేయించే దుకాణాలూ ఇలాంటివేనన్నాడు. అక్కడి నిబంధనల ప్రకారం బీరును పులియబెట్టే ఈస్ట్ కలపవలసిందీ, కొన్ని వారాల తర్వాత వచ్చి సీసాల్లో నింపుకోవలసిందీ వినియోగదారుడే. దుకాణం బీరు అమ్మదు, సరుకు, సామగ్రి, చోటు ఇస్తుంది. అందువల్ల పన్ను భారం తగ్గి బీరు చవకగా పడుతుంది. రుచి అంతంతమాత్రమేనని అతడే ఒప్పుకున్నాడు, అయినా వచ్చినవారందరికీ ఆ సీసాలే పోస్తాడట.

చవక ఒక్కటే కారణమైతే మా బస నిండకూడదు, ఎందుకంటే కోడి ధర బయటికంటే ఎక్కువే. అసలు నేర్పు పనిని పంచడంలో ఉంది. అక్కడ పీపాలు కడగడం, పులిసేటప్పుడు వేడి అదుపులో ఉంచడం దుకాణదారుడి వంతు. ఇక్కడ కోడిని కోసి శుభ్రం చేయడం, మసాలా నూరడం, కట్టెలు పేర్చడం, చివరికి మసిబారిన గిన్నెలు తోమడం బసవారి వంతు. మనకు మిగిలేది గరిటె తిప్పడం, ఉప్పు చూడడం, ఫొటోలు దిగడం. పైగా కూర చెడితే యజమానిని అనేవారుండరు, వండింది మా బావే కదా! పేరున్న వంటవాడికి జీతమిచ్చే బాధా యజమానికి తప్పింది.

ఈతకల్లుతో మాత్రం ఈ వ్యాపారం సాగదు. చెట్టెక్కి గీయడం గౌడన్నకే చేతనవును, లొట్టిలో కల్లు దానంతటదే పులుస్తుంది, కొనేవాడు చెయ్యి పెట్టే చోటే లేదు. అందుకే కల్లులో నీళ్లు కలిస్తే తాగినవాడు అమ్మినవాణ్ణి మొహం మీదే కడిగేస్తాడు.

పెద్దవాళ్లతో వెళ్లేవారికి హనుమకొండ హోటలే నయం. పిల్లలూ బావమరుదులూ కలిసిన దావత్ అయితే తోట బసకే నా ఓటు. గది అద్దెలో కట్టెలు, నూనె, మసాలా కలిశాయో లేదో, కోడిని ప్రాణంతో తూస్తారో కోసి తూస్తారో ముందే ఫోన్లో అడిగి ఖరారు చేసుకోండి.