ఆటోక్యాడ్ లేఅవుట్‌లో బొమ్మ వెనుక తెలుపు: వాడి చూసిన అనుభవం

భవనాల డ్రాయింగులు తయారుచేసే ఆఫీసుల్లో ఆటోక్యాడ్ అనే డ్రాయింగ్ ప్రోగ్రాము వాడేవారికి తెల్లటి పెట్టెతో పేచీ కొత్త కాదు. టైటిల్ బ్లాక్‌లో (షీటు వివరాలు రాసే గడిలో) లోగో పెట్టినా, ఎలివేషన్ ముందు చెట్టు బొమ్మ నిలబెట్టినా, ఆ బొమ్మ చుట్టూ ఉన్న తెలుపు కింది గీతలను కప్పేస్తుంది. గీతలు గీసే మోడల్ స్పేస్‌లో నల్లటి తెర మీద ఇది వెంటనే కంటపడుతుంది గాని, అచ్చు కోసం షీటును అమర్చే లేఅవుట్‌లో కాగితం కూడా తెలుపే కావడంతో, ఆ పెట్టె ఏదైనా కొలత గీతను సగానికి తుంచేదాకా మనకు తెలియదు. మా ఆఫీసులో ఒకసారి ఏ1 షీటు ప్లాట్ (అచ్చు) తీసి గోడకు అంటించిన తరువాతే, చెట్టుకొమ్మ పక్కన సన్‌షేడ్ గీత మాయమైన సంగతి గమనించాం.

దీనికి ఆటోక్యాడ్‌లో ఉన్న పరిష్కారం బ్యాక్‌గ్రౌండ్ ట్రాన్స్‌పరెన్సీ, అంటే బొమ్మ నేపథ్యాన్ని పారదర్శకం చేయడం. బొమ్మను ఎంచుకోగానే పైనుండే బటన్ల పట్టీలో (రిబ్బన్‌లో) తెరుచుకునే ఇమేజ్ ట్యాబ్‌లో దాని బటన్ ఉంటుంది. ట్రాన్స్‌పరెన్సీ కమాండ్ టైపు చేసినా అదే పని జరుగుతుంది. కొత్తగా తెచ్చిన ప్రతి బొమ్మకూ ఇది ఆఫ్‌లోనే ఉంటుంది కాబట్టి మనమే గుర్తుంచుకుని ఆన్ చేయాలి.

దీని అసలు సత్తా నాకు తెలిసింది లోగోల దగ్గర కాదు, స్కాన్ చేసిన సర్వే పటాల దగ్గర. ఆంధ్రప్రదేశ్‌లో ఎఫ్‌ఎంబీ, తెలంగాణలో టిప్పన్ అని పిలిచే కొలతల పటాన్ని నలుపు తెలుపు రెండే రంగులున్న టిఫ్ ఫైలుగా స్కాన్ చేయించి, సైట్ ప్లాన్ కింద పరిచి, ఈ బటన్ నొక్కితే, కాగితం తెలుపంతా తొలగిపోయి హద్దు గీతలూ అంకెలూ మాత్రమే మిగులుతాయి. అంతేకాక అలాంటి రెండు రంగుల బొమ్మ తన లేయర్ (డ్రాయింగులో తానున్న పొర) రంగును తీసుకుంటుంది. ఆ లేయర్‌కు ఎరుపు ఇచ్చి, స్కేలు సరిచేసి, పాత హద్దు మీద కొత్త కాంపౌండ్ గోడ గీత ఎక్కడ తప్పుతున్నదో చూస్తే, ఈశాన్యపు మూలలో ఎర్రగీతకూ నల్లగీతకూ మధ్య వెడల్పవుతున్న సందు స్పష్టంగా కనబడింది. ఈ ఒక్క పనికైనా ఈ సదుపాయాన్ని మనస్ఫూర్తిగా మెచ్చుకుంటాను.

రంగుల బొమ్మల విషయంలో మాత్రం మెప్పు షరతులతోనే. ఆల్ఫా ఛానెల్ (ఏ చుక్క ఎంత పారదర్శకమో చెప్పే సమాచారం) ఉన్న పీఎన్‌జీ అయితే ఆకుల సందుల్లోంచి కూడా వెనుక గీతలు కనబడతాయి. జేపీఈజీలో ఆ సమాచారం దాచుకునే చోటే లేదు కాబట్టి బటన్ ఎన్నిసార్లు నొక్కినా తెలుపు కదలదు. గ్రేస్కేల్‌లో (బూడిద ఛాయల్లో) స్కాన్ చేసిన పటానికీ ఇదే గతి. ఎంచుకున్న బొమ్మకు పారదర్శకత సాధ్యమో కాదో ప్రోగ్రామే ఒక్క మాట చెప్పి ఉంటే కొత్తవారికి ఎన్నో గంటలు మిగిలేవి. జింప్ వంటి ఉచిత ప్రోగ్రాములో నేపథ్యాన్ని ముందే తొలగించి పీఎన్‌జీగా భద్రపరిచి తేవడమే సరైన పద్ధతి.

పేర్ల గందరగోళం మరో లోపం. ప్రాపర్టీస్‌లో 0 నుంచి 90 దాకా ఇచ్చే ట్రాన్స్‌పరెన్సీ వేరు, అది బొమ్మ మొత్తాన్ని పలచన చేస్తుంది; కాగితం మీద ఆ పలచదనం రావాలంటే ప్లాట్ చేసేటప్పుడు ప్లాట్ ట్రాన్స్‌పరెన్సీ గడిలో టిక్ పెట్టాలి. ఫేడ్ అనేది ఇంకొకటి. అది బొమ్మ రంగులను నేపథ్యపు రంగులో కలిపేస్తుందే తప్ప కింది గీతను చూపదు. మా దగ్గర చేరిన జూనియర్లు ఈ మూడింటినీ ఒకటిగానే అనుకుంటారు, అందులో వారి తప్పేమీ లేదు.

బొమ్మ చుట్టూ ఫ్రేము గీత అచ్చులో పడకుండా, ఎంచుకోవడానికి మాత్రం తెరమీద ఉండాలంటే ఇమేజ్‌ఫ్రేమ్ అనే సెట్టింగ్ విలువను 2గా ఉంచాలి. బొమ్మలు డ్రాయింగు ఫైలులో ఇమిడిపోవు, అవి ఎక్కడున్నాయో చెప్పే దారి మాత్రమే అందులో ఉంటుంది. అందువల్ల షీటును బయటికి పంపేటప్పుడు ఈట్రాన్స్‌మిట్ కమాండ్‌తో అన్నీ కలిపి కట్టాలి. లేకపోతే అంత శ్రమపడి శుభ్రం చేసిన చెట్టు స్థానంలో, అందుకున్నవారికి ఫైలు పేరు రాసిన ఖాళీ పెట్టె కనబడుతుంది.